పడమటి వసారా

వన్నూరప్ప చెప్పిందంతా కొత్తూరు జనం తలలూపుతూ వినేవాళ్ళు. విని, లేచి పోయి, సరిగ్గా దానికి ఎదురు చేసేవాళ్ళు.

మట్టి ఇటుకతో గోడ కట్టుకోండి, లోపల చల్లగా ఉంటుంది అనేవాడు. అవునవును అనేవాళ్ళు. నాలుగు రోజులు తిరక్కుండానే సిమెంటు ఇటుకల ట్రాక్టరు వాళ్ళ స్థలం ముందు ఆగేది. గాలి అటునుంచి ఇటు పారేట్టు కిటికీలు ఎదురెదురుగా పెట్టుకోండి అనేవాడు. బాగా చెప్పినావప్పా అనేవాళ్ళు. తీరా లేచిన గోడలు చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసిన పెట్టెలే. కప్పు మీద పడిన వాన నీళ్ళను ఇంటి పక్కనే గుంత తీసి అందులోకి దింపుకోండి అనేవాడు. ఆ మాటకు మాత్రం కొందరు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. అందులో నవ్వాల్సిందేముందో వన్నూరప్పకు ఎంత ఆలోచించినా తట్టేది కాదు.

రిజర్వాయరు కింద మునిగిపోయిన ఒక పల్లె జనాన్ని తెచ్చి దింపిన చోటు కొత్తూరు. చెట్టూ చేమా లేని ఎత్తైన గట్టు నేల. తలా ఇంత స్థలం ఇచ్చి, ఇళ్ళు లేచేదాకా తల దాచుకొమ్మని రేకుల షెడ్లు వేసిచ్చారు. పోయిన ఎండాకాలం ఆ రేకుల కిందే సుంకమ్మ మొగుడు హనుమన్న వడదెబ్బకు పోయాడు. ఇంకా కొందరు ముసలివాళ్ళు ఆసుపత్రి దాకా పోయి వచ్చారు. ఈసారి వానలు దిగేలోపల కప్పులు పడాలని అందరిదీ ఒకటే తొందర. ఇట్లాగే కట్టుకుంటే రేకు కింద ఉడికినవాళ్ళు రేపు స్లాబు కింద ఉడుకుతారు. వన్నూరప్పకు నిద్ర పట్టనివ్వని బెంగ అది.

అతన్ని ఈ పనికి పంపింది హుసేనప్ప తాత. తాత గుట్ట కింద రాతి చావిడిలో ఉంటాడు. ఆయన హిందువో ముసల్మానో ఆ చుట్టుపక్కల ఎవరూ తేల్చుకోలేదు. తేల్చుకోవాలని అనుకోనూ లేదు. అమ్మా నాయనా పోయాక వన్నూరప్ప ఆ చావిడిలోనే పెరిగాడు. పెద్దవాడయ్యాక, తాత దగ్గర దేవుడి మర్మం ఏదో తెలుసుకోవాలని ఎదురు చూస్తూ కూర్చున్నాడు. తాత ఒకరోజు పిలిచి, "పోయి ఇల్లు కట్టేది నేర్చుకో" అన్నాడు.

అదేం ఉపదేశమో అతనికి అర్థం కాలేదు. అయినా పోయాడు. నేలను పాడు చెయ్యకుండా, కరెంటు మీదా బావుల మీదా బరువు వెయ్యకుండా ఇళ్ళు ఎట్లా కట్టాలో నేర్పే ఒక బడిలో కొన్నేళ్ళు ఉన్నాడు. బాగా నేర్చుకున్నాడు. తిరిగి రాగానే తాత, "కొత్తూరోళ్ళు ఇండ్లు కట్టుకుంటాండారంట. పోయి చూడు" అన్నాడు. అంతే. నేర్పించు అని కూడా అనలేదు.

వన్నూరప్ప ఊరి మొదట్లో, రోడ్డు పక్కన, ఒక మాదిరి ఇల్లు కట్టాడు. మట్టి ఇటుక గోడలు, సున్నం పూత, పైన పెంకు, ముందర వెడల్పాటి వసారా. దారిన పోయేవాళ్ళ కళ్ళలో పడాలని వసారాను రోడ్డు వైపుకు, అంటే పడమరకు పెట్టాడు. అనుకున్నట్టే కళ్ళలో పడింది. బయటి ఊళ్ళవాళ్ళు బండ్లు ఆపి ఫోటోలు తీసుకునేవాళ్ళు. రోజూ పొద్దున్నే వన్నూరప్ప ఆ వసారాలో జనాన్ని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. పొద్దెక్కేసరికి చావిడికి వెళ్ళిపోయేవాడు.

అట్లా ఎన్నాళ్ళు చెప్పినా ఒక్క మట్టి గోడ లేవలేదు. చివరికి తాత దగ్గరే మొర పెట్టుకున్నాడు.

"తాతా, నా మాట వాళ్ళకు ఎక్కడం లేదు. మీరొకసారి వచ్చి చెప్పండి. మీ మాటంటే వాళ్ళు కాదనరు."

తాత గోరుచిక్కుళ్ళకు పీచు తీస్తున్నాడు. తలెత్తలేదు. "ఏం చెప్పల్ల?"

"మట్టితో కట్టుకోమని."

"ఏమిటికి కట్టుకోరంట?"

"తెలీదు తాతా."

"అడిగినావా?"

"అయ్యో, ఎన్నిసార్లు చెప్పినానో తాతా!"

తాత చేతిలోని చిక్కుడుకాయను అటూ ఇటూ తిప్పి చూసి గిన్నెలో వేశాడు. "సరే, రేపు వస్తాలే" అన్నాడు.

మర్నాడు తాత వస్తున్నాడని తెలిసి ఊరంతా వచ్చింది. వసారా చాలక కొందరు మెట్ల కింద నిలబడ్డారు. పొద్దుటి పూట ఆ వసారా హాయిగా ఉంటుంది. వన్నూరప్ప ఆరోజు ఎప్పటికంటే బాగా చెప్పాడు. గోడలు ఎండను ఎట్లా తాగుతాయో, ఎట్లా వదులుతాయో, ఒక సిమెంటు బస్తా వెనక ఎంత బొగ్గు కాలుతుందో, ఎన్ని గుట్టలు పిండి అవుతాయో చెప్పాడు. తాత కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోతున్నాడేమోనని మధ్యలో ఒకసారి అనుమానం వచ్చింది.

"ఇప్పుడు తాత ఒక మాట చెప్తాడు" అన్నాడు వన్నూరప్ప. అందరూ సర్దుకు కూర్చున్నారు.

తాత కళ్ళు తెరిచి, మెట్ల దగ్గర కూర్చున్న ముసలావిడ వైపు చూశాడు. "సుంకమ్మా, ఇంట్లో మజ్జిగుందా?"

సుంకమ్మ కంగారుగా లేచింది. "ఉంది తాతా. ఇప్పుడే తెస్తా."

"తేవద్దు. నేనే వస్తా."

లేచి చెప్పులేసుకుని ఆమె వెంట నడిచాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వన్నూరప్పకు చెవులు ఎర్రబడ్డాయి. సభ మధ్యలో మజ్జిగ ఏమిటి? తను చెప్పిందాంట్లో తప్పేమైనా దొర్లిందా? తాతకు కోపం వచ్చిందా, ఒంట్లో బాగా లేదా? ఏమీ తోచక అతనూ వెనకే పోయాడు.

సుంకమ్మది చివరి వరుసలో రేకుల షెడ్డు. గడప దాటుతూనే వన్నూరప్పకు మొహాన ఆవిరి కొట్టినట్టయింది. ఇన్నాళ్ళలో అతను ఏ షెడ్డులోకీ అడుగు పెట్టలేదు. జనాన్నే తన ఇంటికి పిలిచేవాడు. లోపల రేకు కింద తాళ్ళు కట్టి గోనె పట్టలు పరిచారు. తడవగా తడవగా అవి నల్లబడిపోయాయి. మూలన మంచం, గోడకు ఫ్యాను.

తాత మంచం మీద కూర్చున్నాడు. సుంకమ్మ గ్లాసు ఇచ్చింది. ఆయన మజ్జిగ గుక్క గుక్కగా, ఎక్కడా తొందర లేకుండా తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. అదీ అట్లాగే తాగాడు. ఎండ ముదురుతోంది. రేకులు చిటపటమంటున్నాయి. వన్నూరప్ప చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"తాతా, జనం కాచుకోని ఉండారు. పోదామా?"

"కూర్చో" అన్నాడు తాత.

కూర్చున్నాడు. తాత మంచం పట్టెను అరచేత్తో నిమురుతున్నాడు. అది చూసి సుంకమ్మ తనంతట తనే మొదలుపెట్టింది.

"ఆ మంచం మిందనే పోయినాడు తాతా మా ఆయన. బయట పండుకుంటాననె. బయట యాడుంది నీడ? ఫ్యాను కిందనే ఉండమంటి. ఫ్యాను తిరగతానే ఉండె. ఏం లాభం, పొయ్యి మింది గాలినే మళ్ళా తిప్పి తిప్పి కొట్టె."

కొంగుతో మెడ తుడుచుకుంది.

వన్నూరప్ప ముందుకు వంగాడు. "అందుకే కదా పెద్దమ్మా నేను మొత్తుకునేది. మట్టి గోడ అయ్యుంటే..."

"మట్టి గోడే నాయనా మాది" అంది సుంకమ్మ. "ఇంత మందం. మా మామ కట్టింది. ఎండాకాలం దుప్పటి కప్పుకుంటా ఉంటిమి లోపల. నీళ్ళు ఊర్లోకి వచ్చిన పొద్దు గుట్టెక్కి చూస్తా ఉంటి. రాతి గుడి నిలబడె. శెట్టి స్లాబు మిద్దె నిలబడె. మా గోడ మాత్రం బెల్లం గడ్డ మాదిరి కరిగిపాయె. నా కండ్ల ముందరే." ఆగి, కొంచెం నవ్వింది. "నువ్వేమో మళ్ళా మట్టి పెట్టు, నీళ్ళను ఇంటి పక్కకు పిల్చుకో అంటావు. నీ మనసు మంచిదేలే అని ఊరుకుంటాం."

ఇక్కడ వరద రాదు, గట్టు నేల ఇది, గుంతలోకి దింపిన నీళ్ళు గోడను కరిగించవు. ఇవన్నీ వన్నూరప్పకు తెలుసు. అవేవీ ఇప్పుడు ఈమెతో అనదగిన మాటలుగా అనిపించలేదు. ఇంతకాలం ఇంతమందికి తను నేర్పింది దేని గురించి? మట్టి కాదంటే, ఇక తన దగ్గర వాళ్ళకు చెప్పడానికి ఏముంది? సాయం కోసం తాత వైపు చూశాడు. తాత ఖాళీ గ్లాసులో అడుగున ఉన్న కరివేపాకును వేలితో తీసుకుంటున్నాడు.

చాలాసేపటికి తాత లేచాడు. బయట పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. మాదిరి ఇంటి దగ్గరకు తిరిగి వచ్చేసరికి జనం షెడ్లకు పోయి, తిండి తిని ఒక్కొక్కరే మళ్ళీ వస్తున్నారు. వసారాలో ఒక్క పురుగు లేదు.

తాత చెప్పులు విడిచి వసారా గచ్చు మీద కాలు పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ చెప్పులేసుకుని, పొద్దున వేసిన చాపను తనే చుట్టి చంకన పెట్టుకుని, ఇంటి చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళిపోయాడు.

వన్నూరప్ప ఆ వసారాలో ఒక్కడే నిలబడ్డాడు. ఎండ సూటిగా కళ్ళలో కొడుతోంది. గోడ మీద చెయ్యి వేసి చూశాడు. కాలుతోంది. తను కట్టిన ఇంట్లో, ఈ వేళప్పుడు, తను ఒక్కసారీ లేడు. లోపలి గది చల్లగానే ఉంది. కానీ లోపలికి రావాలంటే ఈ నిప్పుల మీద నడిచి రావాలి. రోడ్డున ఒక కారు నెమ్మదించింది. ఎవరో కిటికీలోంచి ఇంటిని ఫోటో తీసుకుని పోయారు.

వెనక నుంచి మాటలు వినిపించాయి. వెళ్ళాడు.

ఇంటి వెనక తూర్పు గోడ నీడ నేల మీద బారుగా పరుచుకుంది. తాత గోడకు ఆనుకుని చాప మీద కూర్చున్నాడు. ఆయన చుట్టూ జనం. తిన్నాక కునుకు తీసే వేళ కావడంతో కొందరు అక్కడే ఒరిగారు. సుంకమ్మ చింతపండు తట్ట తెచ్చుకుని గింజలు తీస్తోంది. ఎవరూ పాఠం వినడానికి కూర్చున్నట్టు లేరు.

"ఈడ బాగుండాదే" అన్నాడొకాయన, గోడ మీద వీపు రాసుకుంటూ. "ముందర పక్క కాలు పెట్టేట్టు లేదు."

"మా ఇంటికీ అంతే ఐతాది" అన్నాడు లింగన్న. అతను అందరికంటే ముందు గోడలు లేపినవాడు. మొండి మనిషని పేరు. "మేమూ వాకిలి రోడ్డు పక్కకే పెడితిమి కదా."

"నీకెవరు పెట్టమనిరి?"

"వన్నూరప్ప ఇల్లు చూసే పెడితి. చదువుకున్నోడు, ఊరికే పెడతాడా అనుకుంటి. మా వరుసంతా అట్లనే పెట్టుకున్నారు."

వన్నూరప్ప ఇంటి మూలన ఆగిపోయాడు. కొత్తూరు జనం తన నుంచి ఏమీ నేర్చుకోలేదనే ఇన్నాళ్ళూ బాధపడ్డాడు.

లింగన్న ఒక పుల్ల తీసుకుని నేల మీద తన స్థలం గీశాడు. పక్కావిడ అది కాదు, నీది ఇంకా సన్నం అంది. వంటిల్లు ఇటు జరిపితే అని ఒకరు, ఈ గోడ పక్కన రెండు కానుగ చెట్లు పెడితే అని ఒకరు. చెట్లు పెరిగేదాకా మేము బతకొద్దా అని సుంకమ్మ. నవ్వులు. గొడవ. గీతలు చెరిపి మళ్ళీ గీశారు. వాళ్ళు గీసేదాంట్లో వన్నూరప్పకు నాలుగైదు తప్పులు కనిపించాయి. నాలుక చివరి దాకా వచ్చాయి. అయితే వాటిలో ఏది నిజంగా తప్పో, ఏది తనకు తప్పుగా తోస్తున్నదో ఇవాళ అతనికి తెలియలేదు.

లింగన్న తలెత్తి అతన్ని చూశాడు.

"వచ్చినావా? రాప్పా. ఇదో, స్లాబు పోసేది పోసేదే. మట్టి మాట ఎత్తొద్దు. గోడలు లేపేసినాం, పడగొట్టేకి కాదు. ఈ పడమటి ఎండ లోపలికి రాకుండా ఏం చెయ్యల్ల? అది చెప్పు."

అందరూ అతని వైపు తిరిగారు. పడుకున్నవాళ్ళు కూడా మోచేతి మీద లేచారు. పొద్దున సభలో అతని వైపు చూసిన చూపులు ఇవి కావు. వన్నూరప్ప తాత వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు తాత.

వన్నూరప్ప నేల మీది గీతలను చూశాడు. వాటి చుట్టూ వంగిన మొహాలను చూశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"కొంచెం జరుగు పెద్దమ్మా" అని, సుంకమ్మ పక్కన నీడలో కూర్చున్నాడు.