సోడావాళ్ళు రుచి చూసిన అమెరికా బీరు

ఆ, నువ్వూ వచ్చావా? రా, ఆ చాప మీద సర్దుకో. ఇప్పుడే మొదలెట్టాం. అదే, తునిలో గోళీసోడా కొట్టు వాళ్ళ సంగతి. వాళ్ళింట్లో ముగ్గురూ తెలివైనోళ్ళేనంట. ఎవరు చెప్పారంటావా? వాళ్ళే చెప్పుకున్నారు.

తల్లి వీరయ్యమ్మ అయితే కనపడ్డ వాళ్ళందరితోనూ అనేది, "మా ఇంట్లో తెలివి ఎక్కువైపోయి దాచుకోడానికి చోటు చాలట్లేదమ్మా" అని. పెద్దోడు సింహాద్రి తలకి తువ్వాలు గట్టిగా బిగించుకుని పడుకునేవాడు, నిద్దట్లో తెలివి చెవుల్లోంచి కారిపోద్దని. చిన్నోడు నూకరాజు మాత్రం బయటివాళ్ళతో అసలు మాట్లాడేవాడు కాదు. సిగ్గు. ఎవరైనా పలకరిస్తే సోడాలో గోళీ వంక చూస్తూ నిలబడేవాడు. పాపం వాడికున్నది ఒకటే కోరిక. బారు బుల్లెబ్బాయి గారి కూతురు చిట్టిమణిని పెళ్ళాడాలి. ఆ పిల్ల సోడాకి వచ్చినప్పుడల్లా వీణ్ణి చూసి నవ్వేది. ఆ నవ్వు కోసం వీడు పొద్దుట్నించీ సీసాలు తోమిందే తోమేవాడు.

ఓ రోజు బుల్లెబ్బాయి గారే ఐసుపెట్టె మోయించుకుని కొట్టు దగ్గరకొచ్చారు.

"ఒరే అబ్బాయిలూ, ఇవి అమెరికా బీర్లు. ఆరు సీసాలూ ఒకే కంపెనీవి, ఆరూ ఆరు రకాలు. ఒక్క రకమే తెప్పించి మన బారులో పెడదామని. నేను తాగుదామంటే డాక్టరు తంతానన్నాడు. మీరు తాతల నాటి నించీ సోడాలు కొడుతున్నారు, గ్యాసు సంగతి మీ నాలిక్కి తెలుస్తాది. తేడా కనిపెట్టి, ఏది బాగుందో సాయంత్రానికి చెప్పండి. సరిగ్గా చెప్తే మీ అమ్మ అడిగిన నూకరాజు సంబంధం మాట ఆలోచిద్దాం."

అంతే. నూకరాజు గుండె గోళీలాగ టక్కున గొంతులోకి వచ్చి ఇరుక్కుపోయింది.

వెళ్తా వెళ్తా ఆయన జాగ్రత్తలు కూడా చెప్పారు. "చల్లగా ఉంచండి. ముందు తేలికది తాగండి, తర్వాత ఘాటుది. ఒకటి తాగి ఇంకోటి తాగేముందు నోరు కడుక్కోండి. నురగ కూడా చూడండ్రా. నురగ నిలబడితేనే మంచి బీరు."

"ఆయ్, అలాగేనండి" అన్నారు ముగ్గురూ.

సింహాద్రి పెట్టె తెరిచి సీసాలు బల్ల మీద పెట్టాడు. కాసేపటికి కెవ్వుమన్నాడు.

"అమ్మా, ఇలారా! వీటికి చెమటలు పట్టేస్తున్నాయి!"

"పట్టవేంట్రా మరి? అంత దూరం నించి ఆ పెట్టెలో గాలాడకుండా వచ్చాయి" అని వీరయ్యమ్మ కొంగుతో తుడిచింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచింది. మళ్ళీ పట్టింది. "ఇది ఉక్కపోత కాదురా నాయనా. జొరం."

"చల్లగా ఉంచమన్నారు కదన్నియ్యా..." అని గొణిగాడు నూకరాజు.

"జొరమొచ్చినోళ్ళని ఎవరైనా చల్లగా ఉంచుతార్రా, సన్నాసీ!"

ఇంకేముంది, ఆరు సీసాలనీ మంచం మీద వరసగా పడుకోబెట్టి, మెడల దాకా దుప్పట్లు కప్పారు. వీరయ్యమ్మ పక్కనే కూచుని జోకొట్టింది. మధ్యాన్నానికి చెమట ఆరింది. ఒక్కో సీసా నుదురూ ముట్టుకుని చూసి, "నెమ్మదించాయి. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందంతే" అంది.

ఇప్పుడు తేలికది ఏదో చూడాలి. సింహాద్రి పక్క కిరాణా కొట్లోంచి తక్కెడ తెచ్చాడు. ఇదటూ అదిటూ పెట్టి ఎలా తూచినా ముల్లు నడిమధ్యనే నిలబడింది.

"ఒకే కంపెనీ కదా, ఒక తల్లి పిల్లలు. ఒకలాగే పెంచారు" అంది వీరయ్యమ్మ.

"అయితే ఎలా మరి?" అని నూకరాజు మొహం వేలాడేశాడు.

"ఉండరా, తెలివుండి ఎందుకు మరి" అని సింహాద్రి ఒక సీసా మూత పీకాడు. వెచ్చగా ఉందేమో, బుస్సుమని సగం బీరు ఎగిరి ఇంటి చూరుకి తగిలింది. చూరులోంచి చుక్కలు చుక్కలుగా ముగ్గురి నెత్తినా పడింది.

"చూశావా! మనం అడక్కుండానే తేలికైపోయింది. అమెరికా వాళ్ళకి ఎంత ఇంగితమో!"

అంతే, అదే మొదట తాగారు. లేత పసుపు రంగులో ఉంది. నారింజ తొక్క వాసనేసింది. వీరయ్యమ్మ తాగదు కదా, వాసన చూసి, "మంచి ఇంటిదే" అంది. నూకరాజుకి భలే నచ్చింది. ఇదే బాగుందని చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా.

"ఆగు! ముందు నోరు కడుక్కోవాలి" అన్నాడు సింహాద్రి.

నోరు కడుక్కోవడమంటే వాళ్ళింట్లో పుక్కిలించి ఊరుకోరు. పళ్ళపొడి వేసి, చిగుళ్ళు మండేదాకా తోముతారు. తోమి రెండోది తాగారు. మళ్ళీ తోమి ఇంకో గుక్క తాగారు. 

"దీంట్లో పళ్ళపొడి వేశార్రా!" అన్నాడు సింహాద్రి.

"శుభ్రమైన మనుషులన్నియ్యా" అన్నాడు నూకరాజు.

మిగతావీ అలాగే. ఒకటి కాకరకాయంత చేదు. ఒకటి చింతపండు పులుపు. ఎర్రది కాస్త తియ్యన. నల్లది కాఫీ డికాషన్‌లా ఉంటే, "పాపం, మాడబెట్టేశారు" అని వీరయ్యమ్మ జాలిపడింది. చేదుది బాగుందని సింహాద్రి అన్నాడు. మొదటిదే బాగుందని నూకరాజు అన్నాడు. నువ్వెంతంటే నువ్వెంతనుకుని కొట్టుకునేదాకా వచ్చారు.

అప్పుడు వీరయ్యమ్మ మధ్యలోకొచ్చింది. "ఆగండ్రా! నీది ఇత్తడి గ్లాసు, వాడిది స్టీలు గ్లాసు. తేడా రాదా మరి? అన్నిటినీ ఒకే గిన్నెలో పోస్తేనే న్యాయం."

"అమ్మా! నీకెంత తెలివే!" అని కొడుకులిద్దరూ కాళ్ళకి దణ్ణం పెట్టారు.

ఇంకేముంది, మిగిలిన బీరంతా తెచ్చి గంగాళంలో పోశారు. నల్లది, ఎర్రది, పుల్లది, చేదుది, అన్నీ. గంగాళంలో ఈ చివర ఒక గరిటె తాగారు. ఆ చివర ఒక గరిటె తాగారు. మధ్యలో ఒకటి తాగారు.

"అన్నియ్యా! అంతా ఒకటే రుచి!"

"అవున్రా! ఆరు రకాలంటాడేంటి ఆయన? పాపం, ఎవరో మోసం చేసేశారు!"

ఇక నురగొక్కటే మిగిలింది. చూస్తే గంగాళంలో నురగ చప్పగా చచ్చిపోయింది. నూకరాజుకి ఏడుపొచ్చింది. నురగ నిలబడకపోతే బీరు మంచిది కాదు, బీరు మంచిది కాకపోతే చిట్టిమణి లేదు. కొడుకు కళ్ళు చూసి వీరయ్యమ్మ మనసు కరిగిపోయింది. తలంటుకని నానబెట్టిన కుంకుడుకాయ రసం తెచ్చి గంగాళంలో పోసి, కవ్వంతో చిలికింది. అంతే! నురగ లేచింది చూడూ, గంగాళం దాటి, గట్టు దాటి, గుమ్మంలో నిలబడింది. 

దాన్నంతా గరాటా పెట్టి మళ్ళీ ఆరు సీసాల్లోకీ నింపారు. సాయంత్రం బుల్లెబ్బాయి గారొచ్చారు.

"ఏది బాగుందిరా?"

"ఆరూ ఒకటేనండి మావయ్యగారూ. ఇప్పుడు మీరు ఏ రకం తెప్పించినా పరవాలేదు" అన్నాడు సింహాద్రి.

ఆయనకి అనుమానమొచ్చింది. డాక్టరు మాట పక్కనపెట్టి, ఒక్క గుక్క నోట్లో పోసుకున్నారు. కళ్ళు పెద్దవయ్యాయి. "ఓరి మీ..." అనబోతే మాట బదులు బుడగొచ్చింది. తిట్టు తిట్టుకీ ఓ బుడగ. నూకరాజు ఆ బుడగల వంక చూస్తూ నిలబడ్డాడు. చివరికి ఉమ్మేసి, మూతి తుడుచుకుని, ఆయన అరిచారు.

"మీ ఇంటికి పిల్లనిచ్చే కంటే మా పెరట్లో నూతిలో తోసెయ్యడం నయంరా!"

అని విసవిసా వెళ్ళిపోయారు. నూకరాజు బల్ల కింద దూరి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడుస్తావేంట్రా పిచ్చోడా?" అన్నాడు సింహాద్రి. "ఇవ్వనన్నాడా ఏంటి? మన ఇంటికి పంపడంట, నూతిలో తోస్తాడంట. చోటు మారిందంతే కదా!"

"నిజమేరా" అంది వీరయ్యమ్మ. "కానీ అక్కడెవరూ లేకపోతే పిల్ల బెదిరిపోద్ది. నువ్వు ముందెళ్ళి ఉండు నాయనా."

ఇంకేముంది. నూకరాజుకి కొత్త పంచె కట్టి, బొట్టు పెట్టి, మెళ్ళో బంతిపూల దండేశారు. బుల్లెబ్బాయి గారి పెరట్లోకి తీసుకెళ్ళి, చేదతాడు నడుముకి కట్టి నూతిలోకి దింపారు. నీళ్ళు గెడ్డం దాకా వచ్చాయి. దండ పైన తేలింది. చప్పుడికి బుల్లెబ్బాయి గారు లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. వెనకాలే చిట్టిమణి వచ్చి, గట్టు మీంచి వంగి చూసింది. కింద బంతిపూల మధ్య వాడి తలకాయ. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పుట్టి బుద్ధెరిగాక బయటివాళ్ళెవరితోనూ నోరు విప్పి నాలుగు మాటలాడని నూకరాజు, ఆ పిల్ల మొహం చూశాక ధైర్యం తెచ్చుకుని, నుయ్యంతా మారుమోగేలా అరిచాడు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్తున్నాను:

"మావయ్యగారూ, నేను కిందే ఉన్నానండి, నెమ్మదిగా తొయ్యండి! అమ్మాయికి ఈత రాదని బెంగెట్టుకోకండి, నాకూ రాదు!"