సత్యవేణి బండి

“గురువుగారూ, బండికి అందం ముందా, పొందిక ముందా?” అని ప్రభుదాసు ఒకనాడు వీరభద్రాచారిని అడిగాడు.

వేమగిరి దాటాక కాలవ గట్టు దిగువన ఉన్న ఆచారి కొట్టులో ఇలాంటి ప్రశ్నలకు వెంటనే జవాబు దొరికేది కాదు. సైకిలు చట్రానికి చిన్న పెట్రోలు ఇంజను బిగించి, కాలితో తొక్కి స్టార్టు చేసే బళ్లు ఆయన తయారుచేసేవాడు. బళ్లు కొత్తవే గాని తీరంతా పాతకాలానిది. గుండ్రటి హెడ్‌లైటు, వెనక్కి ఒంపు తిరిగిన హ్యాండిలు, తోలు సీటు. చూస్తే తాతల నాటి ఫొటోలోంచి దిగివచ్చినట్టుండేవి. అడిగినవాడికి మాటతో కాక పనితో బదులివ్వడం ఆయన అలవాటు. కొందరికి ఆ బదులు పూటలో అందేది, కొందరికి ఏడాది పట్టేది.

ప్రభుదాసు నలభైకి దగ్గరపడినవాడు. ఊరూరా దుకాణాలకు సైన్‌బోర్డులు రాసి బతికాడు. ఫ్లెక్సీలొచ్చి కుంచెకు పని లేకుండా పోయాక ఆచారి దగ్గర చేరాడు. మూడేళ్లలో ఇంజను పని నేర్చాడు, చట్రం వంచడం నేర్చాడు. కాని అతని మనసంతా రంగు మీదే. స్కేలు పెట్టకుండా మూరెడు గీత తిన్నగా గీయగలడు. అందుకే ఆ ప్రశ్న అడిగాడు. అందమే ముందని గురువు నోట వినాలని అతనికి లోలోపల ఆశ.

ఆచారి చేతిలోని ఆకురాయి కింద పెట్టలేదు. “రేపు ఒకావిడ వస్తుంది. ఆవిడ బండి నువ్వు చెయ్యి నాయనా. కొలతలు మాత్రం నేను తీస్తాను” అన్నాడు.

మర్నాడు ఆటో దిగి వచ్చినావిడ పేరు సత్యవేణి. కడియం నర్సరీల్లో అంటు మొక్కలు కట్టే మనిషి. ఆమె మామిడికి కట్టిన అంటు నూటికి తొంభైపైన బతుకుతుందని అక్కడ చెప్పుకుంటారు. ఒకప్పుడు రోజుకో నర్సరీ చొప్పున అయిదింటికి తిరిగేది. రెండేళ్ల కిందట కుండీల దొంతర కూలి ఎడమ మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషను తర్వాత నడక వచ్చింది గాని, మోకాలు కొంతవరకే వంగి ఆగిపోతుంది. దూరం నడవలేక మూడు నర్సరీలు వదులుకుంది. తొలకరి పడితే అంట్లు కట్టే రోజులు. ఆలోగా తనంతట తాను తిరగలేకపోతే మిగిలిన రెండూ వేరే చేతుల్లోకి పోతాయి.

“మూడు చక్రాల బండి తీసుకోమన్నారండి మావాళ్లు. ఎక్కబుద్ధి కాలేదు” అందామె. “కుంటిదాని బండిలా మాత్రం ఉండకూడదండి. దారిన పోయేవాళ్లు బండిని చూసి ఆగాలి. నా కాలు చూసి జాలిపడ్డం ఇంక చాలండి.”

ఆచారి టేపు తియ్యలేదు. ముందామెను రోడ్డు దాకా నడిచి రమ్మన్నాడు. వచ్చాక ఇంకోసారి వెళ్లి రమ్మన్నాడు. తర్వాత గోడ పక్కన ఎత్తు పీట వేసి కూర్చోబెట్టి, సైకిలు తొక్కుతున్నట్టు గాలిలో పాదం తిప్పమన్నాడు. ఆమె మడమ వెంట సుద్దముక్క పట్టుకుని, అది పోయిన దారినల్లా గోడ మీద గీశాడు. కుడికాలికి పళ్లెమంత సున్నా పడింది. పీట తిప్పి వేసి ఎడమకాలికీ అలాగే గీస్తే గిన్నె మూతంత సున్నా పడింది.

“బండి ఇదిగో, ఇక్కడుంది. ఇనుములోకి దించడమే మన పని” అన్నాడు ఆచారి.

ప్రభుదాసు ఆ గోడకేసి చాలాసేపు చూశాడు. మూడేళ్లుగా ఆయన బళ్లను కొలవడం చూశాడు గాని మనిషిని ఇలా కొలవడం ఎన్నడూ చూడలేదు.

పని మూడు వారాలు సాగింది. ఆమె కాలెత్తి ఎక్కనక్కర్లేకుండా చట్రాన్ని నడుము దగ్గర కిందికి వంచారు. ఆ ఒంపు వెంటే పెట్రోలు ట్యాంకు ఒదిగిపోయేలా ఆచారి స్వయంగా రేకు కొట్టాడు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేంత కిందికి సీటు దించారు. వెనక కత్తి, తడిపిన గోనె, మొక్కలు పెట్టుకునేందుకు వెదురు బుట్ట కట్టారు. పెడలును ఇరుసుకు కలిపే ఇనప చెయ్యిని క్రాంకు అంటారు. ఎడమవైపు క్రాంకును, సుద్దతో గీసిన చిన్న సున్నాకు సరిపడా, నాలుగు వేళ్లు పొట్టి చేశారు. ఇక రంగు. ఎండలో మామిడి చిగురు ఎర్రమట్టి ఛాయ నుంచి పచ్చకు తిరిగేటప్పుడు ఒకటి రెండు రోజులే ఉండే రంగొకటుంది. దానికోసం ప్రభుదాసు వారం రోజులు డబ్బాలు కలిపాడు. ట్యాంకు మీద, మడ్‌గార్డుల మీద, చైను కవరు మీద వెంట్రుకంత సన్నని బంగారు గీతలు లాగాడు. పక్క టీ కొట్టుకు వచ్చినవాళ్లు గ్లాసు చేత్తో పట్టుకునే లోపలికొచ్చి చూసిపోయేవారు.

అయినా ప్రభుదాసుకు ఒకటి కంట్లో నలుసులా ఉండిపోయింది. ఎదురుగా నిలబడి చూస్తే ఒక పెడలు బారు, ఒక పెడలు పొట్టి. బండే కుంటుతున్నట్టనిపించింది. ‘నా కాలు చూసి జాలిపడ్డం ఇంక చాలు’ అన్న మాట మనసులో మెదిలింది. ఆచారి పెళ్లికని అమలాపురం వెళ్లిన రోజున అతను కుడి క్రాంకు ఊడదీసి మేకుకు తగిలించి, దాని చోట ఎడమదానంత పొట్టిది బిగించాడు. ఇప్పుడు రెండూ ఒక్కలా ఉన్నాయి. ఎంత గమనించినా ఎవరికీ ఏమీ తెలియదు. తృప్తిగా చేతులు తుడుచుకున్నాడు.

మరునాడు ఆచారి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పెడళ్ల దగ్గర క్షణం ఆగాడు. మేకుకున్న క్రాంకు వంక ఒకసారి చూశాడు. అంతలోనే సత్యవేణి ఆటో దిగింది.

బండిని చూసి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిగురు రంగు మీద వేలితో ఒక్కసారి రాసి, “నాదేనా అండీ ఇది?” అంది. కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. ఎవరి సాయమూ లేకుండా బండి ఎక్కి రెండేళ్లయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ప్రభుదాసు అప్పుడు చూశాడు.

తొక్కడం మొదలుపెట్టింది. ఆచారి ఒక చెయ్యి వెనక బుట్ట కింద పెట్టి పక్కనే నడిచాడు. ఎంత తొక్కినా ఇంజను అందుకునేంత వేగం రాలేదు. పళ్లు బిగించి రెండోసారి తొక్కింది. మూడోసారి బండి ఒరిగింది. ఆచారి చెయ్యి అక్కడ లేకపోతే పడిపోయేదే.

“కుడికాల్లో బలం ఉందండి. కాలు చాపే చోటే చాలట్లేదు” అంటూ ఆమె వంగి పెడళ్ల వంక చూసింది. అటూ ఇటూ చూసి, నెమ్మదిగా తలెత్తింది. “బాగున్న కాలిని కూడా కుంటిదాన్ని చేశారేమండీ?”

ప్రభుదాసు ముందుకొచ్చాడు. “అది నా పని అక్కా. గురువుగారికి తెలీదు. రెండూ ఒకేలా ఉంటే ఎవరి కంటా పడదని...”

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె అతని ముఖం చూసి నిట్టూర్చింది. “నేను దాచమన్లేదు తమ్ముడూ, అందంగా చెయ్యమన్నాను.”

ప్రభుదాసు మేకుకున్న క్రాంకు తీసి, నేల మీద గొంతుక్కూర్చుని అరగంటలో మళ్లీ బిగించాడు. తలెత్తలేదు. ఆమె పీట మీద కూర్చుని టీ తాగుతూ అతని చేతులకేసి చూస్తూనే ఉంది.

ఈసారి రెండో తొక్కుకే ఇంజను అందుకుంది. బండి గట్టు ఏటవాలు ఎక్కి, కాలవ వెంట కడియం దారిన సాగింది. ఆచారి, ప్రభుదాసు గట్టెక్కి నిలబడ్డారు. వంతెన దగ్గర వేగం తగ్గించి, మళ్లీ ఆమె పెడళ్లు తొక్కింది. ఒక కాలు పెద్ద సున్నా చుడుతోంది, ఒక కాలు చిన్న సున్నా చుడుతోంది. రెండూ ఒక్క లెక్కన తిరుగుతున్నాయి. ఆగి ఉన్నప్పుడు కంటికి వెలితిగా తోచినది, కదులుతుంటే ఆమె ఒంటి తీరులో కలిసిపోయింది. గడ్డి మోపుతో ఎదురొచ్చిన ఒకాయన మోపు దించి నిలబడి, “ఎవరి బండే తల్లీ అది, ఎంత బాగుందీ!” అని కేకేశాడు. ఆమె నవ్వుతూ హారను కొట్టింది. ప్రభుదాసుకు కళ్లు చెమర్చాయి. అందులో సిగ్గెంతో సంతోషమెంతో అతనికే తెలియలేదు.

ఆమె తిరిగొచ్చి, దిగి, బండిని చుట్టూ పరికించింది. పొట్టి క్రాంకు దగ్గర వేలు పెట్టి చూపించింది. “అన్నిచోట్లా బంగారు గీత వేశావు. ఇక్కడ వెయ్యలేదేం?”

నిజమే. అక్కడికి వచ్చేసరికి అతని కుంచె ప్రతిసారీ పక్కకు తప్పుకుంది. ప్రభుదాసు డబ్బా తెరిచాడు. ఆ ఇనప చెయ్యి అతని అరచేతికన్నా పెద్దదేం కాదు. ఊపిరి బిగబట్టి, దాని అంచు వెంట ఒక గీత లాగాడు. పెడలు దగ్గర అది తిన్నగా ఆగలేదు. అతను అనుకోకుండానే మామిడాకు కొసలా సన్నగా వంగి ముగిసింది. సైన్‌బోర్డుల రోజుల్లోగాని, ఈ మూడేళ్లలోగాని అంత మంచి గీత అతని చేతిలోంచి రాలేదు. అది ఆరేదాకా సత్యవేణి కదలకుండా కూర్చుని, ఆరాక బండి నడుపుకుంటూ వెళ్లిపోయింది.

తొలకరి పడింది. రోజూ పొద్దున్నే ఆ బండి చప్పుడు కొట్టు ముందునుంచి పోయేది. వదులుకున్న నర్సరీల్లో రెండు ఆమెను మళ్లీ పిలిచాయని టీ కొట్టువాడు చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ప్రభుదాసుకు తన ప్రశ్న గుర్తొచ్చింది.

“గురువుగారూ, అందం ముందా పొందిక ముందా అని అడిగాను. మీరింకా చెప్పలేదు” అన్నాడు.

ఆచారి గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అతని వంక చూశాడు.

“ఆ చివరి గీత లాగేటప్పుడు, ఏది ముందని నీ చెయ్యి ఆగి అడిగిందా?”