అలంకారాలు నేర్చిన బెగ్గురు

పెద్ద చెరువు పడమటి గట్టున, తుంగపొదల్లో గవర్రాజనే పొడుగుకాళ్ల బెగ్గురు పక్షి ఒంటరిగా మిగిలిపోయాడు. గాలివానలో రెక్క దెబ్బతిని తనిక్కడ పడ్డాడు. భార్య నూకాలు తూర్పు గట్టుకు కొట్టుకుపోయింది. రోజూ పొద్దువాలే వేళ మెడ చాచి "నూకాలూ" అని పిలిచేవాడు. బదులు వచ్చేది కాదు. గాలి ఎదురు వీస్తోందన్న సంగతి అతనికి తట్టలేదు.

నక్క జోగన్నకు తట్టింది. ఒకప్పుడు బడి అరుగు కింద కాపురముండి నాలుగు మాటలు విన్నవాడు. గవర్రాజు ముక్కుకి జడిసి దూరంగా కూర్చున్నాడు.

"బావా, ఒట్టి పేరు పెట్టి పిలిస్తే ఎవరొస్తారు? పిలుపుకి అలంకారం ఉండాలి."

"అంటే?"

"ఒకే అక్షరం మళ్లీ మళ్లీ మోగితే అనుప్రాస. ఒకదాన్ని ఇంకోదానితో పోలిస్తే ఉపమ. ఉన్నదాన్ని కొండంత చేసి చెబితే అతిశయోక్తి. అన్నీ నేర్పుతాను. నువ్వు పట్టే చేపలు నాకు పెట్టు, చాలు."

గవర్రాజు చేపలన్నీ వాడికి పెట్టి, తను తుంగగడ్డలు తవ్వుకు తిన్నాడు. ఒళ్లు చిక్కిపోయింది. జోగన్నకు కావలసింది అదే.

"నీలినీటి నడుమ నిలిచిన నా నూకాలూ, నా కన్నీళ్లకు ఏడు సముద్రాలూ పొంగాయి" అని సాయంత్రాలు అరిచేవాడు గవర్రాజు. ఈలోగా గాలి మళ్లింది.

ఓ రోజు తూర్పు నుంచి ముసలి గూడబాతు వచ్చి వాలింది.

"నూకాలు బతికే ఉంది నాయనా. ఇక్కణ్ణుంచి ఎవరో కవిగారి కేకలు వినిపిస్తున్నాయట. 'మా ఆయన ఇలా మాట్లాడడు. ఆయనే ఉంటే తిన్నావా అని అడిగేవాడు' అని ఏడ్చింది. రేపు మందతో ఉత్తరాదికి వెళ్లిపోతోంది."

"ఇంకో పెద్ద అతిశయోక్తి వేద్దాం బావా" అన్నాడు జోగన్న.

గవర్రాజు వినిపించుకోలేదు. మోకాటిలోతు నీళ్లలోకి నడిచాడు.

"నూకాలూ, తిన్నావా? నా రెక్క ఇంకా లేవడం లేదు. నువ్వు లేక ఈ చెరువంతా గుడ్లు పోయిన గూడులా ఉంది."

"గూడులా అన్నావు. అది నేను నేర్పిన ఉపమే" అన్నాడు జోగన్న.

"కావచ్చు. నాకలా ఉంది, అన్నాను."

గవర్రాజు తూర్పు గట్టుకేసి మెడ చాచి నిలబడ్డాడు. ఆ తర్వాత అవతలి గట్టు నుంచి సన్నగా ఓ గొంతు వచ్చింది.

"తినలేదు. వస్తున్నా."

ఇక ఆగితే లాభం లేదని జోగన్న మీదికి దూకాడు. నీరసంతో గవర్రాజు కాళ్లు తడబడ్డాయి. అయినా ముక్కుతో కాచుకుంటూ లోతుకి వెనక్కి జరిగాడు. అంతలో పైనుంచి నూకాలు దిగి నక్క వీపు చీరేసింది. వాడు కుంటుకుంటూ పొదల్లోకి పారిపోయాడు.

నూకాలు చేప పట్టి అతని ముందు పెట్టింది. గవర్రాజు చేప వంక చూడలేదు. ఆమె వంకే చూస్తూ నిలబడ్డాడు.

మనసులోంచి పుట్టిన పోలిక మాటకి అందం. అరువు తెచ్చుకున్న అలంకారంతో పిలిస్తే మన గొంతు మనవాళ్లకే తెలియదు.