రాజుగారి సాలు

నేలంతా నల్లరేగడి అయిన ఒకానొక రాజ్యంలో గండభూపతి అనే రాజు ఉండేవాడు. తనకు తెలియని సంగతంటూ లేదని ఆయనే చెప్పుకునేవాడు. ఎదురు చెప్పేవాళ్లు లేరు గనక అది నిజమే అయి కూర్చుంది.

రెండేళ్లుగా పంటల్లేవు. జనం గంజి తాగి బతుకుతున్నారు. ఆ ఏడు జ్యేష్ఠంలో పెద్ద వాన ఒకటి పడగానే రాజు చాటింపు వేయించాడు.

"వాన పడితే పదును వచ్చినట్టే. రేపు తెల్లారేసరికి రాజ్యమంతా దున్ని విత్తాలి. దున్ననివాళ్ల చేను రాజుగారి పరం."

రైతులు గుండెలు బాదుకుంటూనే దున్నారు. దున్ననిది ఓబుళమ్మ ఒక్కతే. మొగుడు పోయిన మనిషి, ఆమెకున్నదల్లా ఆ చేను. భటులు ఆమెను సభకు ఈడ్చుకొచ్చారు.

"పదును రాలేదు దొరా," అందామె. "పిడికెడు మట్టి నొక్కి వదిలితే పొడిగా రాలాలి. అప్పుడది పదును. ఇప్పుడు ముద్దగా పడుతోంది. ఈ తడిలో దున్నితే పెళ్లలు లేచి, ఎండకి రాళ్లయిపోతాయి. మొలక పైకి రాదు. నా దగ్గరున్నవి ఆఖరి విత్తనాలు. పారేసుకోలేను."

"నాకే పదును నేర్పుతావా? ఆ చేను లాక్కోండి," అన్నాడు రాజు.

సభలో గురవన ఉన్నాడు. రాజుని నవ్వించడం అతని కొలువు. రైతు కడుపున పుట్టినవాడు కాబట్టి ఓబుళమ్మ మాట నిజమని అతనికి తెలుసు. ఆ మాట పైకి అంటే తన తల పోతుందనీ తెలుసు. అయినా చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభువులు చెప్పిందే పదును. తమ తాతగారు ఏరువాకనాడు మొదటి సాలు తామే దున్నేవారట. తమరు కూడా ఈమె చేలో ఒక్క సాలు దున్ని చూపిస్తే, ఇక పదును గురించి ఎవరూ నోరెత్తరు."

రాజు ఉబ్బిపోయాడు. పట్టుబట్టలతో, పూలదండలేసిన ఎడ్లతో చేలో దిగాడు. సభంతా గట్టు మీద నిలబడింది. మొదటి సాలు ఎలాగో చివరిదాకా వెళ్లింది. మళ్లేసరికి నాగలి దిగబడింది, ఎడ్లు ఆగిపోయాయి. రాజుగారి కాళ్లు పిక్కలదాకా కూరుకుపోయాయి.

"గురవనా, చెయ్యివ్వరా."

గురవన కదల్లేదు. "పదునులోనే ఉన్నారు కదా ప్రభూ, చెయ్యెందుకు?"

"పదునేమిటి నీ మొహం. ఉత్త ఊబి. ఇందులో ఎవడైనా దున్నుతాడా?"

"సభలో ఓబుళమ్మ అన్నదీ అదే. ఇప్పుడు తీర్పు ప్రభువుల నోటే వచ్చింది. చేను ఎవరిది మరి?"

రాజు తన కాళ్ల వంక చూసుకున్నాడు, గురవన వంక చూశాడు, పకపకా నవ్వాడు. "చేను ఆమెదేరా," అని పైకొచ్చి, తన కంకణం తీసి గురవన చేతికి తొడిగాడు. చాటింపు కూడా రద్దు చేశాడు.

గురవనకి నవ్వు రాలేదు. మిగతా రైతులు తెల్లారేసరికే దున్ని విత్తేశారు. దాన్ని వెనక్కి తిప్పే చాటింపు లేదు.

నాలుగోనాడు ఓబుళమ్మ పిడికెడు మట్టి నొక్కి వదిలింది. పొడిగా రాలింది. దున్ని విత్తింది.

మరో పది రోజులకి గురవన అటుగా వచ్చాడు. ఆమె చేను పచ్చగా మొలిచింది. నడుమ ఒకే ఒక్క బోడి గీత, పెళ్లలు లేచి ఎండిపోయి ఉంది.

"అది రాజుగారి సాలు బాబూ," అంది ఓబుళమ్మ. "ఒక్కటే కదా, పోతే పోయింది."

గురవన తలెత్తి గట్టు అవతలికి చూశాడు. కనుచూపు మేరంతా రాజుగారి సాలే.