మెలకువగా పోవాలన్న మాస్టారు

అనగనగనగా, ఊరి పేరు అడక్కు, నాకే గుర్తులేదు, ఒక ఊళ్ళో ఒక ఆస్పత్రి. కాళ్ళాడించకుండా ఊఁ కొట్టు మరి. అందులో సువార్తమ్మ అని ఒక నర్సు. ఎంత జాలిగుండో! ఎవరు మూలిగినా ఆవిడకి అన్నం సయించేది కాదు.

ఆవిడ వార్డుకి శీలానందం మాస్టారు వచ్చారు. బడిపంతులు, బుద్ధుణ్ణి నమ్ముకున్న మనిషి. కడుపులో పుండు ముదిరిపోయింది. ఇక లాభం లేదని డాక్టరు చెప్పేశాడు.

అప్పుడు మాస్టారు సువార్తమ్మని పిలిచి మూడు కోరికలు చెప్పారు.

"అమ్మా, నేను పోయేటప్పుడు గానీ పోయాక గానీ పక్కన ఎవరూ ఏడవకూడదు. పోయాక కొన్ని గంటలు నన్ను ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నన్ను మత్తులో పడెయ్యకు. ఆఖరి తలపు తేటగా ఉండాలంటారు మావాళ్ళు. బుద్ధుణ్ణి తలుచుకుంటూ మెలకువగా పోవాలి. నలభై ఏళ్ళు ధ్యానం చేసింది దీనికోసమేనమ్మా."

"అలాగే మాస్టారూ, నాది పూచీ," అంది సువార్తమ్మ.

మొదటి రోజు నొప్పి వచ్చింది. కాస్తంత మందిచ్చి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయన ఊపిరి మీద ధ్యాస పెట్టి ఓర్చుకున్నారు. ఆ తర్వాత రెండో రోజు, పాపం, దుప్పటి కొరికేశారు. సువార్తమ్మ మత్తుసూది తీసింది. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్ళీ లోపల పెట్టేసింది.

మూడో రోజు మధ్యాహ్నం, అబ్బో, ఆ మూలుగు వినలేం తల్లీ! కూతురు ఉత్పల వచ్చి సువార్తమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది.

"నీకు పుణ్యముంటుంది, ఆ సూదేదో వేసెయ్యక్కా. చూడలేకపోతున్నా!"

సువార్తమ్మకీ ఇక ఆ మూలుగు వినబుద్ధి కాలేదు. మాస్టారి మొహం వైపు చూడకుండా సూది వేసేసింది.

మూలుగు ఆగింది. ఉత్పల హమ్మయ్య అనుకుంది. అప్పుడు సువార్తమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి, "మాస్టారూ, బుద్ధుణ్ణి తలుచుకోండి," అంది. పలకలేదు. "మీరు చదువు చెప్పిన పిల్లల్ని తలుచుకోండి," అంది. పలకలేదు. నోరు తిరక్కపోయినా "బుద్ధం శరణం" అంది. కనురెప్పయినా కదల్లేదు. సాయంత్రానికి అలాగే పోయారు. ఎంత ఘోరమో చూడు!

ఆ తర్వాత మంచం ఖాళీ చెయ్యడానికి మనుషులొచ్చారు. సువార్తమ్మ అడ్డంగా నిలబడి ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. ఏడ్చేవాళ్ళని బయటికి పంపేసింది. పోయిన మాట పోనే పోయింది, ఉన్న రెండూ నిలబెట్టింది.

చివరికి ఉత్పల వచ్చి దండం పెట్టింది. "నాన్న ఎంత ప్రశాంతంగా పోయారక్కా! అంతా నీ చలవే."

సువార్తమ్మ ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది. "ప్రశాంతం మనకమ్మా. ఆయన ఓర్చుకుంటూనే ఉన్నారు. ఓర్చుకోలేనిది నువ్వూ నేనూ."

మాటిచ్చింది, మాట తప్పింది,
కథ కంచికి నడిచింది,
మనల్ని ఇంట్లో విడిచింది.