పదకొండు కూతలు

అనగనగా గువ్వలపాడు అనే సంస్థానం. సంస్థానమంటే మరీ పెద్దదనుకునేరు! పొద్దున్నే మేతకు బయలుదేరిన కోడి మధ్యాహ్నానికల్లా పొరుగు రాజ్యంలో తేలేది.

దాని రాజు నారసింగరాయుడు. మంచివాడే, కానీ పాపం ఒక దిగులు. తెల్లదొర బంగళాకు వెళ్తే, పొరుగు రాజుకు గౌరవంగా తొమ్మిది ఫిరంగులు పేల్చేవారు. మన రాజుకు ఒక్కటీ లేదు. గేటు దగ్గర కుక్క మాత్రం మొరిగేది.

దొర ఆ దిగులు కనిపెట్టాడు. "రాజావారూ, అడవి కొండ మాకు రాసివ్వండి. ఒక ఫిరంగి పేలుస్తాం." రాజు రాసిచ్చాడు. ఢాం!

మరుసటి ఏడు పడవల రేవు అడిగాడు. అదీ ఇచ్చాడు. ఢాం! ఢాం!

మూడో ఏడు దొర ఫిరంగిని బండికి కట్టించుకుని తానే గువ్వలపాడు వచ్చాడు. "పెద్ద చెరువు తూము ఇవ్వండి. మా నీలిమందు తోటలకు నీళ్లు కావాలి. మూడోది ఇక్కడే పేలుస్తాం!"

తూము పోతే పదకొండు ఊళ్ల వరి ఎండిపోతుంది. అయినా రాజు చెయ్యి కలం వైపు పోయింది.

చెరువు నీళ్లు పంచే ముసలి సిద్దెమ్మ అడ్డొచ్చింది. "మారాజా, ఇవాళ తూమెత్తే రోజు. ఏటా మీ చేత్తోనే కదా ఎత్తేది! ముందు అది కానివ్వండి. సంతకం ఎక్కడికీ పారిపోదు."

"ముందు మా ఫిరంగి వినండి!" అన్నాడు దొర. ఢాం! ఢాం! కొండ మారుమోగింది. రాజు మురిసిపోయాడు.

"మోత దొరది. మారుమోగిన కొండా ఇప్పుడు దొరదే," అంది సిద్దెమ్మ. "ఇందులో మీవి చెవులొక్కటే మారాజా!"

రాజు వెళ్లి తూమెత్తాడు. నీళ్లు కాలవ వెంట పరుగెత్తాయి. నీళ్లందిన ఊరు "ఓహోయ్!" అని కూత పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఒక కూత వినబడింది. ఇంకొకటి. రాజు వేళ్లు మడుస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలేసరికి వేళ్లు చాలక, సిద్దెమ్మ వేలొకటి అరువు తీసుకున్నాడు.

"పదకొండు! ఇన్నేళ్లూ నాకెందుకు వినబడలేదే?"

"ఎత్తగానే పల్లకీ ఎక్కేసేవారు కదా మారాజా!"

రాజు కలం విరిచేశాడు. దొర అలిగి ఫిరంగులు మానేశాడు. కొండా రేవూ తిరిగి రాలేదు. వరి మాత్రం పండింది. బంగళా గేటు దగ్గర మళ్లీ కుక్కే మొరిగింది. రాజు నవ్వి దానికో నమస్కారం పెట్టాడు.

పిల్లలూ, ఉన్నది ఇచ్చేసి కొనుక్కున్న గౌరవం పొగతోపాటే పోతుంది. నలుగురి పొలం తడిపినవాడికి దక్కిన గౌరవమే నిలుస్తుంది.