పేరిశెట్టి ల్యాప్‌టాప్, రాణిగారి తక్కెడ

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. ల్యాప్‌టాప్‌లకు మెత్త సంచులు కుట్టడం నా పని. కొలత ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఆ పెట్టెను నా బల్ల మీద పెట్టి దాని మంచీ చెడ్డా మాట్లాడుకుంటుంటారు. అవి విని విని ఈ కథ అల్లాను. మా వీధి పిల్లలకు చెబితే మళ్లీ చెప్పమన్నారు. అందుకని రాస్తున్నాను.

అనగనగా, ఏ కాలమో తాతలకు కూడా గుర్తులేని కాలంలో, ఏడుమడుగుల ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. ముక్తావళి అనే రాణి దాన్ని ఏలేది. అప్పట్లో పక్షులు మాట్లాడేవి. ల్యాప్‌టాప్‌లూ ఉండేవి. ఎలా ఉండేవని అడగకండి. కథలో ఉండేవి, అంతే.

ఆ రాణి కొలువులో ధవళమ్మ అని ఒక కొంగ ఉండేది. వానాకాలమంతా పడవ మీద ఏరు తిరగడం, నీళ్లు ఎంత పెరిగాయో కొలిచి ముక్కుతో టకటకా ల్యాప్‌టాప్‌లో కొట్టడం, వరద వచ్చేలా ఉంటే కింది ఊళ్లకు కబురు పంపడం ఆమె పని.

కిందటేడు ఆమె పాత ల్యాప్‌టాప్ ఏటి నడుమ ఉన్నట్టుండి ఆగిపోయింది. కబురు అందలేదు. గడ్డిలంక అనే ఊరు మునిగింది. మనుషులు చెట్లెక్కి బతికారు గానీ గొడ్డూ గోదా కొట్టుకుపోయాయి.

మళ్లీ వానలు దగ్గర పడ్డాయి. "మంచి ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తీసుకురండి" అని రాణి చాటింపు వేయించింది.

పేరిశెట్టి అనే వర్తకుడు వచ్చాడు. పెద్ద పెద్ద కచేరీల్లో దొరలు వాడే ఖరీదైన ల్యాప్‌టాప్ పట్టుబట్టలో చుట్టి తెచ్చాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. కోట వాకిట పెద్ద తక్కెడ వేలాడుతుంది. సరుకు అమ్మేవాడు తన సరుకు గుణం ఒకటి చెబితే కుడి పళ్ళెంలో ఒక చింతగింజ. లోపం ఒకటి చెబితే ఎడమ పళ్ళెంలో ఒక చింతగింజ. ఎడమ పళ్ళెం ఖాళీగా ఉంటే ఆ సరుకు కోటలోకి రాదు. మూడు రోజులు గడువు.

మొదటి రోజు శెట్టి గొంతు సవరించుకున్నాడు.

"తల్లీ, ఇది తామరాకంత తేలిక. పొద్దున చార్జింగ్ పెడితే దీపాలు పెట్టే వేళ దాకా ఆగకుండా నడుస్తుంది. మీటలు ఎంత మెత్తనో, నొక్కితే ప్రాణం హాయిగా ఉంటుంది. చేయి జారి పడ్డా గీత పడదు. ధవళమ్మగారు కాలిగోరు ఆనిస్తే తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు."

అన్నీ చేసి చూపించాడు. అన్నీ నిజమే. సభంతా నోరు తెరిచింది. రాణి కుడి పళ్ళెంలో అయిదు గింజలు వేసింది.

"మరి లోపం?"

"లోపమా! నా ల్యాప్‌టాప్‌కా తల్లీ!"

"రేపు రా, శెట్టీ."

రెండో రోజు శెట్టి నవ్వుకుంటూ వచ్చాడు. "లోపం దొరికింది తల్లీ. ఇది మరీ తేలిక. చంకలో ఉందన్న సంగతే మరిచిపోతారు."

రాణి గింజ వేయలేదు. కొంగ మెడ చాచింది.

"శెట్టిగారూ, పెళ్లిచూపుల్లో మా పిల్లకు సిగ్గొక్కటే ఎక్కువండీ అన్నట్టుంది మీ మాట."

సభ గొల్లుమంది. కొంగ మాత్రం నవ్వలేదు.

"అయ్యా, ఏటి నడుమ నాకు ఈ పెట్టె తప్ప తోడు ఉండదు. కిందటేడు అమ్మినాయన కూడా లోపమే లేదన్నాడు. ఆయన ఇల్లు బాగానే ఉంది. గడ్డిలంక మునిగింది."

శెట్టి ముఖం చిన్నబోయింది. ఇంటికి పోలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని తిన్నగా రేవుకు పోయి, ధవళమ్మ పడవే అడిగి ఎక్కి, మిట్టమధ్యాహ్నం ఏటి నడుమ కూర్చున్నాడు.

తెర తెరిచాడు. ఎండలో అక్షరాలు లేవు, తన మీసాలే కనబడ్డాయి. నీళ్లు కొలిచే కర్రకున్న తీగ గుచ్చబోయాడు. పట్టలేదు. పెట్టెకు ఉన్నవి రెండే కన్నాలు, రెండూ సన్నవి. లోపల ఏముందో చూద్దామంటే విప్పడానికి ఒక్క మరమేకు కూడా కనబడలేదు.

"ఇవన్నీ చెబితే రాణిగారు కొంటారా?" అని శెట్టి తనలో తాను అనుకున్నాడు. అయినా ఆ పెట్టె మీద ముచ్చట తీరలేదు. నీళ్లు చిందితే పై పంచతో తుడిచాడు. సాయంత్రం దాకా అది అలసిపోకుండా పనిచేస్తూనే ఉంది.

మూడో రోజు తల వంచుకుని మూడు లోపాలూ చెప్పాడు. ఎడమ పళ్ళెంలో మూడు గింజలు పడ్డాయి.

మంత్రి కసిరాడు. "ఇన్ని లోపాలున్నది మాకెందుకయ్యా? పట్టుకుపో."

"చిత్తం" అని శెట్టి పట్టుబట్ట చుట్టబోయాడు.

"ఆగు" అంది రాణి. "మంత్రిగారూ, తక్కెడ చూడండి. కుడివైపే బరువుగా ఉంది. ధవళమ్మా, నువ్వేమంటావు?"

"ఎండకు తాటాకు గొడుగు పెట్టుకుంటాను తల్లీ. తీగకూ కన్నానికీ మధ్యలో పెట్టే ముక్క శెట్టిగారే ఇవ్వాలి. పాడైతే ఏటిలో బాగుచేసేవాళ్లు ఉండరు గనక, కొలతలు తాటాకు మీద కూడా రాసుకుంటాను. తెలిసిన లోపానికి నేను భయపడను. తెలియనిదే ముంచుతుంది."

"ముక్కలు రెండు ఇస్తానమ్మా" అన్నాడు శెట్టి. "పడవలో కూర్చుని చూశానుగా. ఒకటి ఏట్లో పడుతుంది."

నెల తిరగలేదు. పైన కొండల్లో కుంభవృష్టి. ఇక్కడ మాత్రం మండే ఎండ. ఏరు గోధుమరంగు తిరిగి పొంగడం ధవళమ్మ చూసింది. గొడుగు విప్పింది. తీగ తీసింది. తొందరలో మొదటి ముక్క ఏట్లో పడింది. రెండోది పట్టింది. కబురు వెళ్లింది.

పొద్దు వాలేసరికి గడ్డిలంక చుట్టూ నీళ్లే. కానీ ఊరంతా గొడ్డూ గోదాతో ముందే మిట్టెక్కింది. ఒక్క కోడిపిల్ల కూడా పోలేదు.

రాణి పేరిశెట్టిని పిలిపించి, కోట వాకిట తక్కెడ చూసే పని అతనికే అప్పగించింది. ఆ తర్వాత ఎవరు ఏ సరుకు తెచ్చినా శెట్టి మొదట అడిగే మాట ఒక్కటే. "నువ్వు దీన్ని పడవలో కూర్చుని చూశావా, నాయనా?"

పిల్లలూ, మంచి సరుకు తన గుణం తానే చూపించుకుంటుంది. దాని లోపం మాత్రం అమ్మేవాళ్లే నోరు తెరిచి చెప్పాలి. అలా చెప్పినవాళ్లనే నమ్మాలి.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే ఒకావిడ సంచి కోసం వచ్చింది. ఆవిడ దాన్ని భుజాన వేసుకునేలోగా, "అమ్మా, కుట్టు గట్టిదే గానీ ఈ గుడ్డ వానకు ఆగదు" అని చెప్పేశాను.